కెమెరా గుమ్మానికి ఏ వైపు ఉంది?

చార్మినార్ బొమ్మ తీయడానికి దర్శకుడు అక్కర్లేదు. 1591లో కట్టిన ఆ నాలుగు మినార్లు ఏ దిక్కు నుంచి చూసినా ఒకే ఠీవితో నిలబడతాయి. పొద్దున పావురాలు లేచినా, రాత్రి దీపాలు వెలిగినా ఫ్రేమ్ దానంతటదే నిండిపోతుంది. సినిమావాళ్లకు పాతబస్తీ ఇంత సులువుగా లొంగుతుంది కాబట్టే అది వాళ్లకు పరీక్ష. కథ హైదరాబాద్‌లో జరుగుతోందని చెప్పడానికి మూడు సెకన్ల చార్మినార్ షాట్ చాలు. అసలు ప్రశ్న నాలుగో సెకను నుంచి మొదలవుతుంది: కెమెరా ఇప్పుడెక్కడికి వెళ్లాలి?

దర్శకత్వం అంటే ఏమిటని అడిగితే చాలామంది దగ్గర స్పష్టమైన జవాబు ఉండదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. కథ రచయిత రాస్తాడు, వెలుగు ఛాయాగ్రాహకుడు చూసుకుంటాడు, ముక్కలు కత్తిరించి అతికేది ఎడిటర్, ఏడ్చేదీ నవ్వేదీ నటులు. మరి దర్శకుడికి మిగిలేది ఏమిటి? నిర్ణయాలు. ఒక మనిషి మాట్లాడుతుంటే చూడాల్సింది మాట్లాడేవాడినా, వినేవాడినా? గదిలో గొడవ జరుగుతుంటే మనం గదిలో ఉండాలా, వరండాలో ఉండాలా? పాత్ర ఏ యాసలో మాట్లాడాలి? షాట్‌ని ఎక్కడ తెంచాలి, ఎక్కడ తెంచకుండా ఓపిక పట్టాలి? ఒక్కొక్కటీ చిన్న విషయమే. అన్నీ కలిస్తే మాత్రం సినిమాకు ఒక చూపు వస్తుంది. గొప్ప దర్శకుణ్ణి మామూలు దర్శకుడి నుంచి వేరు చేసేది ఆ చూపే.

పాతబస్తీలో ఈ నిర్ణయాలకు ఇంకో బరువు కూడా ఉంది. అది గుమ్మాల ఊరు. దేవిడీలనే పాత పెద్ద ఇళ్లలో మగవాళ్ల మర్దానా వేరు, ఆడవాళ్ల జనానా వేరు. వీధి వైపు అరుగు ఉంటుంది, దాన్ని చబూత్రా అంటారు. రాత్రి పొద్దుపోయేదాకా మగవాళ్ల కబుర్లు అక్కడే. దాని వెనక తలుపు, తలుపు వెనక పరదా, పరదా వెనక వాకిలి. వీధి అందరిదీ, పరదా అవతల కొందరిదే. కెమెరా ఎంతదాకా వెళ్లొచ్చు, ఎవరి అనుమతితో వెళ్లాలి, వెళ్లాక ఎలా మసలుకోవాలి అన్నది ఇక్కడ కళకూ మర్యాదకూ కలిపి వచ్చే ప్రశ్న. ఈ ప్రశ్నకు దొరికిన జవాబుల్లో నాకు బాగా నచ్చినవి కొన్ని ఉన్నాయి.

మొదటి జవాబు చెప్పబోయినవాడు ఊరు వదలాల్సి వచ్చింది. శాంతినికేతన్‌లో చదువుకున్న బెంగాలీ ధీరేంద్రనాథ్ గంగూలీ హైదరాబాద్ వచ్చి, నిజాం ప్రభుత్వ ఆర్ట్ స్కూల్లో పనిచేసి, 1922లో లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టాడు. మూకీల కాలం. ఈ గడ్డ మీద సినిమాలు తీసిన తొలివాళ్లలో ఆయనొకడు. 1924లో ఢిల్లీని ఏలిన రజియా ప్రేమకథను తెర మీద వేశాడు. సింహాసనం మీద కూర్చున్న ముస్లిం స్త్రీ అంతఃపుర హృదయాన్ని పదిమందిలో పరచడం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు నచ్చలేదు. గంగూలీ రాజ్యం విడిచి కలకత్తా వెళ్లిపోయాడు. అక్కడ పెద్ద దర్శకుడయ్యాడు, దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం కూడా అందుకున్నాడు. హైదరాబాద్‌కు మాత్రం మళ్లీ ఒక సొంత చూపు దొరకడానికి ఏళ్లు పట్టింది.

ఆ చూపు మూసీకి ఉత్తరాన, కంటోన్మెంట్ వైపు నుంచి వచ్చింది. శ్యామ్ బెనెగల్ 1934 డిసెంబర్ 14న తిరుమలగిరిలో పుట్టాడు. తండ్రి ఫోటోగ్రాఫర్. తండ్రి ఇచ్చిన కెమెరాతో పన్నెండేళ్లకే చిన్న సినిమా తీశాడు. ఉస్మానియాలో ఎకనామిక్స్ చదువుకుంటూ హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టాడు. తర్వాత బొంబాయిలో యాడ్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు వందల్లో తీశాడు. తొలి కథాచిత్రం 'అంకుర్' 1974లో వచ్చేసరికి ఆయనకు నలభై దగ్గర పడింది.

'అంకుర్' పాతబస్తీ కథ కాదు. అప్పటికి ఊరిగానే ఉన్న ఎల్లారెడ్డిగూడలో తీసిన భూస్వామ్యం కథ. అయినా పాతబస్తీ గురించి మాట్లాడేటప్పుడు దాన్ని దాటిపోలేం, కారణం భాష. అంతకు ముందు హిందీ సినిమాలో హైదరాబాదీల ఉర్దూ యాస దక్కనీ వినిపిస్తే ప్రేక్షకుడు నవ్వడానికి సిద్ధమయ్యేవాడు. 1965లో 'గుమ్‌నామ్' సినిమాలో మెహమూద్ వేసిన హైదరాబాదీ బట్లర్ దేశమంతటినీ నవ్వించాడు. మెహమూద్ ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ యాస నవ్వుకే పనికొస్తుందన్న నమ్మకం గట్టిపడిపోయింది. తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మన సినిమాల్లో తెలంగాణ మాటకు ఎన్నేళ్లు హాస్యగాడి వేషమో రౌడీ వేషమో తప్ప దొరకలేదో మనకు తెలుసు.

బెనెగల్ ఆ యాసను తీసుకెళ్లి లక్ష్మి నోట్లో పెట్టాడు. లక్ష్మి పాత్ర షబానా ఆజ్మీది. చెవిటి మూగ భర్త కిష్టయ్యను దొర కొడుకు సూర్య కొరడాతో కొడుతుంటే అడ్డం పడి, ఆమె శాపనార్థాలు పెట్టేది దక్కనీ సాగదీతతోనే. హాల్లో ఎవరూ నవ్వలేదు. ఒక యాసకు దుఃఖించే హక్కు, తిరగబడే హక్కు తెర మీద దొరికిన ఘడియ అది. మంచి హిందీలో ఆ మాటలు పలికించి ఉంటే సినిమా ఉత్తరాదిలో ఇంకా సులువుగా చెల్లేది. ఆ సులువును వద్దనుకోవడం దర్శకుడి నిర్ణయం. గోవింద్ నిహలానీ కెమెరా ఎంత అందంగా పనిచేసినా, ఈ ఒక్క నిర్ణయం లేకపోతే 'అంకుర్' ఎక్కడో ఒక ఊరి కథగా మిగిలిపోయేది. ఐదారేళ్ల తర్వాత బి. నర్సింగరావు నిర్మించి, గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి'లో తెలంగాణ తెలుగుకు ఇలాంటి గౌరవమే దక్కింది. దానికి ఆధారం కృషన్ చందర్ ఉర్దూ నవల. బెంగాలీ దర్శకుడు, ఉర్దూ నవల, తెలంగాణ పల్లె. హైదరాబాద్ రాజ్యపు కథలకు ఇన్ని భాషల చేతులు పడటంలో ఆశ్చర్యం లేదు.

1983లో బెనెగల్ 'మండీ' తీశాడు. గులాం అబ్బాస్ ఉర్దూ కథ 'ఆనందీ' దీనికి మూలం. ఊరి నడిబొడ్డున ఉన్న వేశ్యావాటికను ఊరి పెద్దలు బయటికి తరిమేస్తారు. తరిమేసిన చోటికే ఊరు వెనకాలే వచ్చి చేరుతుంది. అబ్బాస్ కథలో పట్టణం ఎలా పుట్టిందన్నదే ప్రధానం, మనుషులు దూరం నుంచి కనబడతారు. బెనెగల్, షమా జైదీ, సత్యదేవ్ దూబే కలిసి స్క్రీన్‌ప్లే రాస్తూ ఆ దూరాన్ని తీసేశారు. ఇంట్లో ఎవరుంటారు, వాళ్లు పొద్దున లేచి ఏం చేస్తారు అని అడిగారు. అప్పుడు రుక్మిణీబాయి వచ్చింది. ఆమె గారాబం చేసే గాయని జీనత్ వచ్చింది. ఇంటి చాకిరీ అంతా మోసే తుంగ్రూస్, మోసపోయి అక్కడికి చేరిన మూగపిల్ల ఫూల్‌మణి వచ్చారు. ఈ పాత్రల్లో వరసగా షబానా, స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, శ్రీలా మజుందార్.

ఈ సినిమాలో మనం ఎక్కువసేపు ఇంటి లోపలే ఉంటాం. రచ్చబండ మీద నీతులు చెప్పే ఊరు ఈ ఇంటికి వచ్చి పోతుంటుంది. ఇల్లు కొన్న గుప్తా వస్తాడు, ఫోటోలు తీసేవాడు వస్తాడు, పోలీసు వస్తాడు, సంఘసంస్కర్త వస్తుంది. సాధారణంగా ఇలాంటి కథల్లో కెమెరా విటుడి భుజం వెనక నుంచి లోపలికి అడుగుపెడుతుంది. ఇక్కడ కెమెరా ముందే లోపల కూర్చుని ఉంది. వచ్చినవాడే పరాయివాడు. ఈ ఒక్క మార్పుతో సినిమా నైతిక భూగోళం మొత్తం తిరగబడింది.

ఆ ఇంటిని నమ్మించడం మాటలతో అయ్యే పని కాదు. ఒక గదిలో పాట సాధన, పక్క గదిలో పోట్లాట, మెట్ల మీద ఇంకెవరో. ఒక్కో ఫ్రేములో నలుగురైదుగురు తమ తమ పనుల్లో ఉంటారు. ఒకరు మాట్లాడుతుంటే వెనక ఉన్నవాళ్లు బొమ్మల్లా ఆగిపోరు. ఇంతమంది పెద్ద నటులను ఒకే ఇరుకు చోట పెట్టి, ఎవరినీ వృథా చేయకుండా నడపడం ఎంత కష్టమో నాటకాలు వేసినవాళ్లను అడిగితే చెబుతారు. అశోక్ మెహతా కెమెరా ఆ రద్దీలో దారి చేసుకుంటూ తిరుగుతుంది. కళా దర్శకుడు నితీష్ రాయ్‌కు ఈ చిత్రానికి జాతీయ పురస్కారం వచ్చింది. తర్వాతి రోజుల్లో హైదరాబాద్ శివార్లలో రామోజీ ఫిల్మ్ సిటీకి రూపకల్పన చేసినవాడూ ఆయనే. నివసించినట్టు కనిపించే ఒక్క ఇంటిని సృష్టించిన చెయ్యి, ఎవరూ నివసించని ఒక నగరాన్నే కట్టింది. రెండింటిలో నా ఓటు ఆ ఇంటికే.

సెట్ అనగానే చిన్నచూపు చూడక్కర్లేదు. గుణశేఖర్ 'ఒక్కడు' 2003 సంక్రాంతికి వచ్చినప్పుడు జనం చార్మినార్ సెట్ గురించి చెప్పుకున్నంతగా ఇంకే సెట్ గురించీ చెప్పుకోలేదు. కళా దర్శకుడు అశోక్ ఆ కట్టడాన్నీ చుట్టుపక్కల వీధులనూ నగరం బయట నిలబెట్టాడు. అసలు చార్మినార్ ఉండగా నకలెందుకు అన్న ప్రశ్నకు జవాబు సులువే. నిజమైన చార్మినార్ చుట్టూ ఉన్న జనాన్ని రోజుల తరబడి ఆపలేరు, పురాతన కట్టడం మీద షూటింగ్ సామాను ఎక్కించలేరు. కానీ గుణశేఖర్ సెట్‌ను సౌకర్యం కోసం మాత్రమే వాడుకోలేదు. చార్మినార్‌ను కథానాయకుడి పొరుగు చేశాడు. డాబా మీదికి వస్తే ఎదురుగా అదే. కర్నూలు నుంచి పారిపోయి వచ్చిన అమ్మాయికి ఆ పొరుగే కాసేపు కాపు. చార్మినార్ పైన వెన్నెల్లో సాగే పాటలో కట్టడం వెనకాల తెరగా లేదు, ఇద్దరూ దాని ఒళ్లో ఉన్నారు. దర్శకుడు ఒక స్మారకాన్ని ఇంటి ముంగిలిగా మార్చడం నిజంగా ఊహాశక్తే. దాని హద్దు కూడా చెప్పాలి. ఆ సినిమా పాతబస్తీ మేడ మీదికి ఎక్కింది గాని, ఇళ్లలోకి దిగలేదు. దాని కథకు ఆ అవసరం కూడా లేదు.

లోపలికి దిగిన సినిమా 'బాజార్'. 1982లో వచ్చింది. సాగర్ సర్హదీ అప్పటికి యశ్ చోప్రా 'కభీ కభీ', 'సిల్‌సిలా' లాంటి చిత్రాల రచయితగా పేరున్నవాడు. దర్శకుడిగా ఇదే ఆయన పేరు నిలబెట్టిన చిత్రం. గల్ఫ్‌లో సంపాదించుకొచ్చిన నడివయసు మగవాళ్లు, అరబ్బు షేకులు పాతబస్తీ పేద ఇళ్లలోని పడుచుపిల్లలను డబ్బిచ్చి నిఖా చేసుకునే దారుణం అప్పటికే అందరికీ తెలిసిన రహస్యం. సర్హదీ దాన్ని వార్తాకథనంలా తీసి ఉంటే కన్నీళ్లూ తిట్లూ వచ్చేవి. ఆయన ఇంకో దారి పట్టాడు.

కథ మధ్యలో నజ్మా ఉంది, స్మితా పాటిల్. నవాబు వంశమన్న పేరు తప్ప ఏమీ మిగలని హైదరాబాద్ ఇల్లు ఆమెది. ఆ ఇంటి నుంచి పారిపోయి అఖ్తర్‌ను నమ్ముకుని బొంబాయిలో ఉంటుంది. అఖ్తర్ బతుకు దుబాయ్ ధనికుడు షాకిర్ అలీ దయ మీద ఆధారపడింది. షాకిర్‌కు పడుచు పెళ్లాం కావాలి. ఆ సంబంధం వెతికిపెడితే నజ్మా, అఖ్తర్ల పెళ్లికి దారి పడుతుంది. అందరూ కలిసి హైదరాబాద్ వస్తారు. షాకిర్ కన్ను షబ్నమ్ మీద పడుతుంది. షబ్నమ్‌ను ప్రేమించిన సర్జూ నజ్మాను అక్కలా చూసుకునే కుర్రాడు. బేరం ఆ పిల్లకే అని తెలియకుండానే నజ్మా ఇందులో చెయ్యి వేసి ఉంది. దుర్మార్గుడిని ఒకడిని చూపించి మనల్ని ఊరట పొందనివ్వని నిర్మాణం ఇది. అమ్మేవాళ్లు చెడ్డవాళ్లు కారు, పేదవాళ్లు. మధ్యలో ఉన్నది మనం ప్రేమించే మనిషి.

సర్హదీ ఎంపికలు చూడండి. హజ్జన్ బీ పాత్రకు షౌకత్ కైఫీని తీసుకున్నాడు. ఆమె హైదరాబాద్‌లో పెరిగిన మనిషి. కైఫీ ఆజ్మీని కలిసి పెళ్లాడి బొంబాయి వెళ్లకముందు ఈ వాకిళ్లలో తిరిగిన అమ్మాయి. ఆ కూర్చోవడం, పమిట సవరించుకోవడం, మాటను చివర్లో కొద్దిగా లాగడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్య. ఆయన మన తెలుగువాళ్లకు బాగా కావలసినవాడు. బాపు 'ముత్యాల ముగ్గు'లో గోదావరి సీమ ఎండను పట్టి జాతీయ పురస్కారం తెచ్చుకున్నది ఆయనే. 'గరం హవా'లో ఆగ్రా ఇంటి గదులను చూపించిందీ ఆయనే. గోదావరి ఒడ్డున ఆరుబయటి వెలుగు, ఆగ్రాలో ఒక ముస్లిం కుటుంబపు ఇంటి లోపలి వెలుగు. ఈ రెండు అనుభవాలతో పాతబస్తీ ఇంట్లోకి వచ్చినవాడు పేదరికాన్ని చీకటిగా చూపించే తప్పు చేయడు. ఈ సినిమాలో ఆ ఇళ్లకు ఒక వెచ్చదనం ఉంది. అది మనుషులు ప్రేమించుకోగలిగే చోటు అని మనకు నమ్మకం కలుగుతుంది. అందుకే అక్కడ జరిగే బేరం అంత నొప్పిస్తుంది.

ఇక పాటలు. ఖయ్యాం సంగీతం ఎంత మధురమో అందరూ చెబుతారు. దర్శకుడి పనితనంగా దాన్ని చూసేవాళ్లు తక్కువ. ఈ సినిమాకు పెద్ద కవుల పాత కవిత్వాన్ని వెతికి తెచ్చారు. మీర్ తఖీ మీర్ ఉన్నాడు. సర్జూ, షబ్నమ్‌ల ప్రేమకు వాడిన పూల గజల్ మఖ్దూం మొహియుద్దీన్‌ది. మఖ్దూం అంటే అందోలులో పుట్టి, హైదరాబాద్‌లో కార్మిక సంఘాలు నడిపి, తెలంగాణ సాయుధ పోరాటంలో నిలబడి, 1969లో పోయిన మన కమ్యూనిస్టు కవి. ఆయన పోయిన పదమూడేళ్లకు, లతా మంగేష్కర్‌తో కలిసి హైదరాబాదీ గాయకుడు తలత్ అజీజ్ ఆ గజల్ పాడాడు. పాతబస్తీ ప్రేమికులకు పాతబస్తీ కవి మాట ఇచ్చారు. ఊరు తన గొంతుతోనే ప్రేమించుకుంది.

ఇంకో పాట ఇంతకంటే లోతైన పని చేస్తుంది. పెళ్లికి ముందు షబ్నమ్, సర్జూల ఆఖరి కలయికకు జగ్జీత్ కౌర్ గొంతులో వచ్చే వీడ్కోలు గీతం. ఆ మాటలు లక్నో కవి మీర్జా షౌఖ్ రాసిన 'జహర్-ఏ-ఇష్క్' అనే మస్నవి (కథాకావ్యం)లోవి. అందులో నాయిక విషం తాగి చనిపోయే ముందు ప్రియుడికి చెప్పే వీడ్కోలు అది. ఉర్దూ సాహిత్యం తెలిసిన ప్రేక్షకుడికి ఆ పాట మొదలవగానే షబ్నమ్ బతకదని తెలిసిపోతుంది. తెలియని ప్రేక్షకుడికి అది కేవలం విరహం. ఒకే పాట ఇద్దరు ప్రేక్షకులకు రెండు వేర్వేరు భయాలతో చేరుతుంది. ఎవరికీ వివరించలేదు, సంగీతం ఎక్కడా హెచ్చరించలేదు. కథ చివరికి షబ్నమ్ ఆత్మహత్య చేసుకుంటుంది. పాట ముందే సెలవు తీసుకుంది. రచయితగా సర్హదీకి ఉన్న చదువు దర్శకుడిగా ఆయనకు ఆయుధమైంది అన్నది ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. మన దగ్గర పాట పెట్టడం సులువు, పాటతో కథ చెప్పడం అరుదు.

'బాజార్' వచ్చిన తొమ్మిదేళ్లకు, 1991లో, హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్లే విమానంలో ఒక పాతబస్తీ చిన్నపిల్ల ఏడుస్తూ కనిపించింది. పక్కన వృద్ధుడైన సౌదీ భర్త. ఎయిర్ హోస్టెస్ ఆరా తీసి, ఢిల్లీలో పోలీసులకు చెప్పి ఆ పిల్లను కాపాడింది. దేశం నివ్వెరపోయింది. పత్రికలు మొదటిసారి విన్నట్టు రాశాయి. నివ్వెరపోయినవాళ్లలో సినిమా చూసి పాటలు పాడుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. సినిమాలు చట్టాలు చేయవు, పెళ్లిళ్లు ఆపవు. ఈ సంఘటన తర్వాత 'బాజార్' మళ్లీ చూస్తే మాత్రం సర్హదీ ఎందుకు ఆ ముగింపు ఎంచుకున్నాడో బోధపడుతుంది.

షబ్నమ్ చనిపోయాక షాకిర్ అలీ మీద కోపం తీర్చుకునే సన్నివేశం ప్రేక్షకుడికి కావాలి. బొంబాయి వ్యాపార సినిమా లెక్క తెలిసిన రచయితకు అది రాయడం నిమిషాల పని. సర్హదీ ఆ అవకాశాన్ని వదిలేసి, నజ్మా చేత మాట్లాడించాడు. ఈ నేరంలో తానూ ముద్దాయినేనని ఆమె అందరి ముందూ ఒప్పుకుంటుంది. కొనేవాణ్ణి చూపించి వేలు చాచడం సులువు. సంబంధం కుదిర్చినవాళ్లు, సాక్షి సంతకం పెట్టినవాళ్లు, చూసీ ఊరుకున్నవాళ్లు తమ పేరు తామే చెప్పుకోవడం కష్టం. స్మితా పాటిల్ ఆ మాటలు గొంతు పెద్దది చేసి చెప్పదు. అంతసేపూ పరదా లోపల ఆడవాళ్లతో కూర్చుని అన్నీ చూసిన మనం, ఆ ఒప్పుకోలు వినేటప్పుడూ వాళ్ల మధ్యనే ఉంటాం. ఆ వాకిట్లోకి రాకుండా వీధిలో ఆగి తీసిన సినిమాకు ఈ మాట అడిగే హక్కు ఉండేది కాదు.